నాలుగో పోగు

నొముకా దీవి,
ఫిబ్రవరి 20, 1991

ఆక్లాండ్‌లో ఉన్న తౌఫా వదినగారికి,

మీ తమ్ముడు పెనిసిమాని పెళ్లాం లెసియేలి నోటితో చెబుతుంటే మా పాదిరిగారి భార్య లూసియానె చేత్తో రాస్తున్న ఉత్తరమిది. క్షేమ సమాచారాలు చివర్లో. ముందు నా వ్యాజ్యం వినండి.

మంగళవారం పడవలో నాకొక కాగితం వచ్చింది. లూసియానె దాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి గట్టిగా, రెండోసారి తలుపు మూసి. మీ మేనల్లుడు కిటియోనె నా మీద భూమి కోర్టులో దావా వేశాడు. అదే, మీ చిన్న తమ్ముడు మాకా కొడుకు, మీ ఊళ్లోనే మాంసం కంపెనీలో మేస్త్రీ. మాకాకి పిల్లాణ్ణెత్తుకుని స్నానం చేయించడం రాకపోతే వాణ్ణి నా ఒళ్లో వేసుకుని పోసిన నీళ్లు నాకింకా గుర్తే. వాడే.

నా మొగుడి ఇంటి స్థలం, పెండలం చేను, చాపలల్లడానికి నేను నాటుకున్న మొగలి పొద, నాకు కొడుకు లేడు గనుక అన్నీ ఇప్పుడు వాడివేనట. ఎందుకంటే నేను పాపం చేశానట. ఫెలెటితో. మన చట్టం మీకు తెలిసిందే. మొగుడు పోయాక భూమి పెళ్లానికి చచ్చేదాకా ఉంటుంది. మళ్లీ పెళ్లి చేసుకుందా, పోతుంది. మగాడితో పడుకుందా, పోతుంది. పెళ్లాం పోయిన మగవాడికి ఇలాంటి వాక్యం ఒకటి ఎక్కడైనా ఉందేమో వెతకమ్మా అంటే లూసియానె కాగితం అటూ ఇటూ తిప్పి లేదంది.

సాక్ష్యం ఏమిటో తెలుసా? మర్యాదకి మనం బట్టల మీద చుట్టుకునే నడుం చాప.

ఫెలెటి మీకు గుర్తుండాలి. చర్చిలో లోతుగా, అడుగు గొంతుతో పాడేవాడు, ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. పెళ్లాం పోయి ఆరేళ్లయింది. డిసెంబరు గాలివానకి నా కప్పు మీది నీటి గొట్టం ఊడిపోతే వచ్చి బిగించాడు. పని చేసేటప్పుడు తన నడుం చాప విప్పి నా వాకిట్లో కొయ్య మీద వేశాడు. వాళ్లమ్మ కట్టుకున్న చాప అది, వాడికంటే పెద్దది వయసులో. అంచు చీకిపోయి పోగులు వేలాడుతున్నాయి. వదినా, చీకిన అంచు కనిపిస్తే నా చేతులు నా మాట వినవు. వాడు కప్పు మీద ఉండగా నేను కింద కూచుని అంచు తిప్పేశాను. మూడు పోగులు వెనక్కి, నాలుగోది మెలిక. మా అమ్మ నేర్పిన అంచు అది. ఈ దీవిలో నా చేతికి తప్ప ఇంకెవరికీ రాదు.

ఆ ఆదివారం వాడు అది కట్టుకుని చర్చికొచ్చాడు. మా ఊళ్లో ఆడది మొగుడి చాప, కొడుకు చాప తప్ప ఇంకొకరి అంచు ముట్టదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం మరిచిపోయాం. మూడో పాట అయ్యేసరికి ముందు వరస ఆడవాళ్లు వెనక్కి తిరిగి వాడి నడుం చదివేశారు. నాకు చదువు రాదంటారు గానీ, ఊరంతా చదివేలా సంతకం పెట్టాను.

అంతే జరిగింది. వాడు గొట్టం బిగించాడు, టీ తాగాడు, వెళ్లిపోయాడు. మీరు కిటియోనె తండ్రికి అక్కగారు. మేనత్త మాట మేనల్లుడికి చట్టం కంటే పైన. ఒక్కసారి వాణ్ణి పిలిచి "వద్దు" అనండి. నేను అడిగేది అంతే.

నా మోకాలు బాగానే ఉంది. మీ ఆరోగ్యం ఎలా ఉంది?

లెసియేలి


మాంగెరె, ఆక్లాండ్,
మార్చి 14

లెసియేలికి,

నీ ఉత్తరం అందింది. పాదిరిగారి భార్య చేత ఇటువంటి సంగతులు రాయించడం నాకు నచ్చలేదు.

కిటియోనె చెప్పిందీ విన్నాను. భూమి చూపిస్తే గానీ వాడికి పిల్లనిచ్చేలా లేరు. వాడికి మళ్లీ పెళ్లి చెయ్యాలని చూస్తున్నాం. ఇరవై అయిదు దాటని పిల్ల కావాలంటాడు, పాటల బృందంలో ఉండాలట, ఇంతకుముందు ఎవడి చెయ్యీ పట్టుకుని ఉండకూడదట. మీ దీవుల్లో అటువంటి పిల్ల ఎవరైనా ఉంటే రాయి. వాడికి నలభై ఒకటి, కానీ అలా కనిపించడు.

ఇక నీ సంగతి. తిరగక మగవాడు, తిరిగి ఆడది చెడతారని పెద్దలు ఊరికే అనలేదు. మగవాడి వంట్లో ఆ నిప్పు చచ్చేదాకా ఉంటుంది, దేవుడు అలా చేశాడు. ఆడదానికి పిల్లల కోసం ఇస్తాడు, ఆ తరవాత తీసేసుకుంటాడు. నీకు అరవై ఆరు. నాకు డెబ్బై మూడు. ఈ వయసులో మనకు కావలసింది వెచ్చని దుప్పటి, ఒక మంచి చావు. ఎవరి నడుం మీద చెయ్యి వేస్తున్నావో నీకు తెలిసి ఉండాల్సింది.

అయినా నువ్వు నా తమ్ముడి భార్యవి. నేను కిటియోనెతో మాట్లాడతాను. దానికి ముందు నువ్వు బైబిలు మీద చెయ్యి పెట్టి, నీకూ ఆ మనిషికీ మధ్య ఏమీ జరగలేదని, నీ మనసులో కూడా అటువంటి తలపు లేదని ప్రమాణం చేసి, దాన్ని కాగితం మీద రాయించి పంపు. నా తమ్ముడి పేరు కోసం నాకది కావాలి.

ఇక్కడ చలి మొదలవుతోంది.

తౌఫా


నొముకా,
ఏప్రిల్ 9

తౌఫా వదినగారికి,

లూసియానే, రాయి. నే చెప్పింది చెప్పినట్టు రాయి. నువ్వు మెత్తగా చేసి రాస్తున్నావేమోనని వదినగారి జవాబు విన్నాక నాకు అనుమానమొచ్చింది.

ప్రమాణం అడిగారు. సగం చేస్తాను, సగం చెయ్యను.

ఏమీ జరగలేదని ప్రమాణం చేస్తాను. వాడు నా చిటికెన వేలు కూడా తాకలేదు. టీ గ్లాసు అందిస్తే అంచు పట్టుకున్నాడు, అంత మర్యాద. ఆ మర్యాదకి నాకు ఎంత కోపమొచ్చిందో, రెండో సగం ప్రమాణం అక్కడే పోయింది.

వదినా, మీ తమ్ముడు మాకా పెళ్లాం పోయిన నాలుగు నెలలకి ఇంకో ఆడదాన్ని తెచ్చుకున్నాడు. సమాధి మీద ఇసుక ఇంకా తెల్లగా ఉంది. మీరే అన్నారు, "పాపం, వాడికి వండి పెట్టేదెవరు?" అని. వండి పెట్టడానికైతే వాళ్లత్త ఉంది కదా! తిరిగి ఆడది చెడుతుందన్నారు. మాకా బాగానే తిరిగాడు, ఏం బాగుపడ్డాడు? నా మొగుడి సంగతి చెప్పమంటారా? పెళ్లయిన అయిదో ఏడు హాఫేవా దీవిలో ఆయనకి ఒక కూతురు పుట్టింది. ఆ మాట నాకు చేరవేసింది మీరే, "అల లాంటిది, వచ్చింది పోయింది, నోరు మూసుకో" అన్నది మీరే. మూసుకున్నాను. ఆ పిల్ల బాప్తిస్మానికి చాప అల్లి పంపాను కూడా. దాని అంచూ నా అంచే. మగవాడికి అల. నాకేమో పాపం. అదే సముద్రం కదా!

కిటియోనెకి పిల్లని చూడమన్నారు. ఎవడి చెయ్యీ పట్టని పిల్ల కావాలి అంటే, వాడు పట్టుకున్న చేతులన్నీ ఎవరివి? వాళ్లూ ఎవరో ఒకరి ఇంట్లో పిల్లలే. ఈ లెక్కన మగాళ్లు పట్టుకోవడానికి చేతులెక్కడి నుంచి వస్తాయో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు చెబుతాను, వినండి. మా చర్చిలో ఆడవాళ్ల బల్లలు ముందు, అడుగు గొంతుల మగాళ్లు మా వెనక. ముప్ఫై ఏళ్లుగా ఫెలెటి గొంతు నా వీపుకి తగులుతోంది. మొగుడున్నప్పుడు అది పాట. ఆయన పోయి నాలుగేళ్లు దాటాయి. ఏడాది పాటు నల్లబట్టలు, చిరుగుల చాప కట్టుకున్నాను. సమాధి మీద నేనల్లిన దుప్పటి పరిచాను, ఏడాదికోసారి మారుస్తున్నాను. ఏదీ తక్కువ చెయ్యలేదు. కానీ పోయిన ఏడు ఒక ఆదివారం ఆ గొంతు వీపుకి తగిలితే అక్కడితో ఆగలేదు. వెన్ను మీదుగా కిందికి దిగింది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను. దేవుడు ఇచ్చింది తీసేసుకుంటాడన్నారు. నా దగ్గర తీసుకోవడం మరిచిపోయాడు, వదినా. లేకపోతే నాకివ్వాల్సింది ఇప్పుడే ఇచ్చాడు.

ఇక్కడ లూసియానె కలం ఆపింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఇది కూడా రాయాలా, పిన్నీ?" అంటోంది. రాయవే అన్నాను. నీ పాదిరి వారం వారం నిప్పుల గుండం గురించి చెబుతాడు, ఒక ముసల్ది తన నిప్పు గురించి చెబితే కాగితం కాలిపోదు.

ఆ గొట్టం ఊడిపోలేదు. వదులైంది. రెండు దెబ్బలు కొడితే నేనే బిగించేదాన్ని. నేనే పైకెక్కి ఊడబీకాను.

అందుకే ప్రమాణం చెయ్యను. భూమి పోతే మా అన్న కొడుకు ఇంటి వెనక వంటపాకలో పడుకుంటాను, ఆ పాక నేను చూసొచ్చాను, వాన కారుతుంది. అదీ చెబుతున్నాను, నాకు భయం లేదని మీరనుకోకూడదని.

లెసియేలి


మాంగెరె,
మే 2

లెసియేలికి,

నీ ఉత్తరం చింపేశాను. మా అమ్మాయి చూస్తుందేమోనని ముక్కలు చెత్తబుట్టలో కూడా వెయ్యలేదు, కోటు జేబులో పెట్టుకుని బస్టాపు దాకా మోసుకెళ్లి అక్కడ పారేశాను. ఇటువంటివి ఇకమీదట నాకు రాయించకు. కిటియోనెతో నేనింకా మాట్లాడలేదు. మాట్లాడతానని మాట ఇవ్వడం లేదు.

హాఫేవా పిల్ల ప్రస్తావన అనవసరం.

నువ్వు ఆ అంచు తిప్పుతున్నంతసేపూ అతను కప్పు మీదే ఉన్నాడా? మధ్యలో కిందికి చూశాడా?

తౌఫా


నొముకా,
మే 28

వదినా,

చూశాడు.

మీరు అడుగుతారనుకోలేదు. ఉత్తరం వింటూ చివరి ముక్కకొచ్చేసరికి చేతిలో మొగలి ఆకు పక్కన పెట్టాను. లూసియానె చేత అది మూడుసార్లు చదివించుకున్నాను.

చూశాడు. సుత్తి చప్పుడు ఆగింది. నేను తలెత్తలేదు, ఎత్తితే చూడ్డం మానేస్తాడని. మూడు పోగులు వెనక్కి, నాలుగోది మెలిక, మళ్లీ మూడు వెనక్కి. అంత నెమ్మదిగా నేనెప్పుడూ అల్లలేదు. మళ్లీ సుత్తి మొదలయ్యేసరికి సగం అంచు అయింది. చాలాసేపు కొట్టాడు, గొట్టం పైన అంత పని లేదు. కిందికి దిగి చాప చూసి "ఇదెవరు చేశారు?" అన్నాడు. వాకిట్లో నేను కాక ఒక కోడిపెట్ట ఉంది. "కోడి" అన్నాను. నవ్వలేదు. అంచు మీద వేలు పెట్టి ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా నడిపించాడు. నా వీపు మీద నడిపించినట్టుంది. తరవాత కట్టుకుని వెళ్లిపోయాడు.

దావా కాగితం వచ్చినప్పటి నుంచి మా వీధిలో నడవడం మానేశాడు. నాకు చెడ్డపేరు రాకూడదని సముద్రం పక్క దారిలో తిరుగుతున్నాడట. చర్చిలో చివరి బల్లకి మారాడు. గొంతు ఇప్పుడు దూరం నుంచి వస్తోంది. ఏడాదంతా మూసిన కిటికీ పక్కన కూచున్నట్టుంది, వదినా. నా కూతుళ్లు పెళ్లిళ్లు చేసుకుని వెళ్లాక కూడా ఇంత ఖాళీ ఎరగను అని చెబితే పాపమేమో. చెప్పేశాను.

జూలై ఇరవై అయిదున పాంగైలో విచారణట. జడ్జిగారు అక్కడికొస్తారు. నేను పడవెక్కి వెళ్లాలి.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. కోపమొస్తే ఇది కూడా బస్టాపులో పారెయ్యండి. పైనుంచి కిందికి చూశాడా అని అడిగేది, ఒకప్పుడు తనని ఎవరో చూస్తుంటే తలెత్తకుండా కూచున్న మనిషే. మీవాడెవరు, వదినా?

లెసియేలి


మాంగెరె,
జూన్ 30

లెసియేలీ,

ఎవరూ లేరని ఒక ఉత్తరం రాసి అంటించాను. మూడు రోజులు బల్ల మీద ఉంది. ఇది రెండోది.

ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో నేను పనిచేసిన సంగతి నీకు తెలుసు. మా ఆయన పోయిన రెండో ఏడు చేరాను. దుప్పట్లు మడత పెట్టడం ఇద్దరి పని. నాకు జతగా ఒక నియూ దీవి మనిషిని వేశారు. ఇకిపా అని పేరు. ఆ చివర అతను, ఈ చివర నేను. దులపాలి, సగానికి మడవాలి, మళ్లీ సగానికి. తరవాత ఇద్దరం ఎదురు నడిచి అంచులు కలపాలి. అతని చేతిలోంచి అంచు నా చేతిలోకి రావాలి. మళ్లీ వెనక్కి, ఇంకో దుప్పటి. రోజుకి నాలుగు వందలు. పదకొండేళ్లు.

ఆ దుప్పట్ల మీద ఎవరెవరో పడుకుని లేచేవాళ్లు. వెచ్చగా వచ్చేవి యంత్రంలోంచి. అతను ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యంగా వదిలేవాడు. ఆ ఒక్క క్షణం కోసం నాకు ఆదివారం సెలవు కూడా వద్దనిపించేది, చర్చికి తప్పదు గనుక తీసుకునేదాన్ని.

ఏడో ఏడు నన్ను పెళ్లికి అడిగాడు. నేను ఊరికి ఉత్తరం రాశాను, పెద్దవాళ్లకి చెప్పకుండా ఎలా అని. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ మధ్య అటువంటి మాట రాకూడదు గనుక నీ మొగుడు తాను రాయలేదు. అప్పటి పాదిరి చేత రాయించాడు. "మీ సోదరుడు ముఖం ఎత్తుకుని తిరగాలనుకుంటున్నాడు" అని ఒకే వాక్యం. అప్పటికి హాఫేవా పిల్లకి పన్నెండేళ్లు. నేను అక్కని, వాడికంటే పైదాన్ని, వాడి మాట నాకు శాసనం కాదు. అయినా తల వంచాను. వాడు అడిగినందుకు కాదు. ఆడదానికి ఆ కోరిక ఉండదని నేనూ నమ్మాను, కాబట్టి నాలో ఉన్నది ఏదో జబ్బు అనుకున్నాను. ఇంకో నాలుగేళ్లు దుప్పట్లు మడిచాం. అతను ఆలస్యంగా వదలడం మానలేదు. తరవాత వాళ్ల ఊరు వెళ్లిపోయాడు. చనిపోయినట్టు తెలిసింది. ఎవరు మడిచి పెట్టిన గుడ్డ కప్పారో.

ఇంట్లో ఇప్పటికీ ఒక్కదాన్నే దుప్పటి మడవలేను. రెండో చివర కుర్చీకి కడతాను.

సరే. నిన్న కిటియోనెని పిలిచాను. మేనత్త పిలిచింది కదా అని పద్ధతిగా నడుం చాప కట్టుకుని వచ్చి నేల మీద కూచున్నాడు. దావా ఎత్తెయ్యమన్నాను.

"చట్టముంది కదత్తా" అన్నాడు.

"చట్టం నాకు చెప్పకు. ఆ షరతే నీ భూమికీ పెడితే నీకు కాలు మోపే చోటు మిగులుతుందట్రా?"

"అది వేరత్తా. నేను మగాణ్ణి. పెద్దమ్మకి ఈ వయసులో ఇదేం బుద్ధి? నలుగురూ నవ్వుతున్నారు."

వాడు పట్టుకున్న చేతులన్నీ ఎవరివన్న నీ మాట అప్పుడు గుర్తొచ్చింది. "ఇలా దగ్గరికి రా, చాప చూడనీ" అన్నాను. మేనత్త అడిగితే ఇవ్వక తప్పదు. అంచు తిప్పి చూశాను. చీకిన చోట నీలం రంగు నైలాను దారంతో కుట్టి ఉంది. అల్లిక రాని మనిషి కుట్టింది, సూది పట్టిన తీరు చూస్తే తెలుస్తోంది. కానీ ఎంత శ్రద్ధగా! ఒక్కో కుట్టూ రెండేసిసార్లు.

"ఇదెవరు కుట్టారు?"

అంచు మడిచి దాచుకోబోయాడు.

"ఓటారా పేటలో ఉన్న ఆ నర్సమ్మాయేనా? మూడేళ్లయిందటగా. ఆమెని నాకెందుకు చూపించలేదు?"

"ఆమెకి ఇంతకుముందు పెళ్లయిందత్తా. ఒక కూతురు కూడా ఉంది" అన్నాడు, తల నేలకేసి.

"నీకు పెళ్లవలేదా? ఎవడి చెయ్యీ పట్టని పిల్ల కావాలని ఊరంతా చాటిస్తూ, ఆ చేత్తో కుట్టిన చాప నడుముకి కట్టుకుని నా ఇంటికొచ్చావు. నీ పెద్దమ్మ ఒక అంచు తిప్పితే కోర్టు. నీ అంచు ఎవరిదని ఏ కోర్టూ అడగదు. నేను అడుగుతున్నాను."

నలభై ఒక్కేళ్లవాడు నా ముందు ఏడ్చాడు, లెసియేలీ. నేను ఓదార్చలేదు, ఏడవనిచ్చాను. తరవాత చేమాకుల్లో వండిన మాంసం పెట్టాను. "నువ్వు బతికున్నంత కాలం నీ మాట దాటనత్తా" అని వకీలుకి కాగితం రాసిచ్చాడు. మళ్లీ వస్తే ఆ అమ్మాయితోనే రమ్మన్నాను.

కాగితం విచారణ నాటికి చేరుతుందో లేదో. చేరకపోతే ఏమీ జరగలేదని చెప్పి ఊరుకో. అది నిజమే కదా. మిగతా సగం ఎవరికీ చెప్పనక్కరలేదు. నేను చెప్పకుండా బతికాను.

ఇంకొకటి. నన్ను ఇకమీదట "మీరు" అనకు.

తౌఫా


నొముకా,
ఆగస్టు 8

వదినా,

నువ్వు అనడం నోటికి రావడం లేదు, అయినా అంటాను. నీ ఉత్తరం విన్నాను. చదవడం అవగానే లూసియానె లేచి నా మంచం మీది దుప్పటి తీసి, "ఈ చివర పట్టుకో పిన్నీ" అంది. మడిచాం. ఇకిపా పేరు చెప్పుకుని మడిచాం.

ఇక పాంగై సంగతి. కాగితం చేరింది. జడ్జిగారు తెల్లదొర, పక్కన దుబాసీ. పేర్లు పిలిచారు. నేను నిలబడ్డాను. కిటియోనె దావా వెనక్కి తీసుకున్నాడు, భూమి నాదేనన్నారు. లూసియానె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈమె ఏమైనా చెప్పాలా?" అని జడ్జిగారు మర్యాదకి అడిగారు.

చెప్పకుండా బతికానన్నావు. లేదని చెప్పి రావడానికే వెళ్లాను, వదినా, ఒట్టు. కానీ నోరు తెరిచేసరికి నీ కుర్చీకి కట్టిన దుప్పటి కళ్ల ముందుకొచ్చింది.

"అయ్యా, నేనేం చేశానో ఆ కాగితంలో అడిగారు. చాప అంచు తిప్పాను. నేనేం కోరుకున్నానో ఎవరూ అడగలేదు. వాడు అది విప్పి నా గుంజకి తగిలించి ఇక కట్టుకోకూడదని కోరుకున్నాను. నాకు అరవై ఆరేళ్లు. మగాడు ఇలా కోరుకుంటే వాడికి వండి పెట్టేవాళ్లని వెతుకుతారు, నాకు కోర్టు కాగితం వచ్చింది. కోరికకి శిక్ష ఉంటే రాసుకోండి. లేకపోతే నాకు పడవ వేళయింది."

దుబాసీ చెవులు ఎర్రబడ్డాయి. నేను అంత సేపు చెప్పింది వాడి నోట్లో రెండు ముక్కలైంది. జడ్జిగారు తలూపారు. వెనక ఎవరో ముసలామె, "బాగా అన్నావే!" అని గట్టిగా అరిచింది. తిరిగి చూశాను. ఆమె పక్కన ఫెలెటి నిలబడి ఉన్నాడు. నా తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చాడట, ఎవరికీ చెప్పకుండా. జడ్జికి రెండు ముక్కలే చేరాయి గానీ, వాడికి మొత్తం చేరింది.

తిరుగు పడవలో ఆ చివర వాడు, ఈ చివర నేను. ఒక్కసారీ చూడలేదు. దారిలో పడవ వాడు ఇంజను ఆపాడు, తిమింగలాలొచ్చాయని. అడుగున పాట వినిపించింది, చెక్కల్లోంచి పాదాలకి ఎక్కింది. మగదే పాడుతుందట, ఆడది వింటూ తిరుగుతుందట. పడవ వాడు చెబుతున్నాడు, ఆడదానికేమీ పట్టనట్టు. నేననుకున్నాను, వేల మైళ్లు ఈదుకుంటూ వచ్చేది ఊరికే వినడానికా?

దిగి ఇంటికొచ్చాను. పద్నాలుగు రోజులు. పిట్ట కూడా వాలలేదు. వీధిలో ఆడవాళ్లు కొందరు పలకరించడం మానేశారు, కొందరు ఎప్పుడూ లేనిది చేపలు తెచ్చిచ్చారు. సిగ్గుపెట్టి ముసలాణ్ణి తరిమేశాను అనుకున్నాను. నిన్న సమాధి దగ్గరికెళ్లి దుప్పటి సర్ది, మీ తమ్ముడికి అంతా చెప్పాను. హాఫేవా పిల్లని నేను క్షమించానని, ఇప్పుడు ఆయన వంతని. ఏమీ అనలేదు. ఆయనెప్పుడూ అంతే.

ఇప్పుడు, ఈ ఉత్తరం చెబుతుండగా, మధ్యాహ్నం ఎండలో, సముద్రం పక్క దారిలో కాదు, ఊరి మధ్య వీధిలోంచి కాలీడుస్తూ వస్తున్నాడు. అందరి వాకిళ్ల ముందు నుంచి. నడుముకి చాప లేదు, మడిచి చేతుల మీద పెట్టుకున్నాడు. లూసియానె కిటికీలోంచి చూసి, "అంచు మళ్లీ ఊడినట్టుంది పిన్నీ, మొత్తం వేలాడుతోంది" అంది. నా అంచు ఊడుతుందా? నా చేతి కింది అంచులు సమాధుల మీద ఎండకీ వానకీ ఉన్నాయి. గుమ్మం దగ్గరికొచ్చాడు. చూశాను. చీకలేదు, పోగు విడలేదు. కత్తితో కోశాడు, వదినా. తిన్నగా, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా.

కిటియోనె నువ్వు బతికున్నంత కాలం నీ మాట దాటనన్నాడు. నా భూమి ఇప్పుడు నీ ఊపిరి మీద ఉంది. కాబట్టి వేళకి తిను, చలికి కోటు వేసుకో, బస్టాపుల్లో నిలబడకు, ఆ నర్సమ్మాయి చేత రక్తం పోటు చూపించుకో. మంచి చావు గురించి మాట్లాడకు. నాకింకా చాలా అంచు ఉంది.

లూసియానే, ఇక చాలు. కలం మూసి ఇంటికి పో. వెళ్తూ తలుపు వేసుకెళ్లు.

లెసియేలి